బడి లెక్క అప్పగించేది ఎవరికి? విశాఖ జిల్లా విద్యా చరిత్ర నుండి కొన్ని పాఠాలు

ప్రజాధనంతో నడిచే బడి ఎవరికి లెక్క అప్పగించాలి? రావికమతం వంటి గ్రామీణ మండలాల్లో మన సంఘాల పిల్లలు అనేకులు ప్రభుత్వ బడుల్లోనే చదువుకుంటున్నారు. కనుక ఇది విద్యాశాఖ ప్రశ్న మాత్రమే కాదు, కాపరుల ప్రశ్న కూడా. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు రావికమతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ జిల్లా చరిత్రలో ఈ ప్రశ్న ఎదురైన రెండు సందర్భాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. మిషను బడులు, ప్రభుత్వ గ్రాంటు

లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలో పరిచర్య ప్రారంభించింది. జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగులోనికి సువార్తల అనువాదంతో పాటు బడి పని కూడా చేపట్టారు. 1854లో చార్లెస్ ఉడ్ పంపిన విద్యా తాఖీదు ప్రైవేటు బడులకు గ్రాంటు మార్గం తెరిచింది. ప్రభుత్వం మతబోధలో జోక్యం చేసుకోదు. నిర్వాహకులు మాత్రం తనిఖీకి ఒప్పుకోవాలి. మిషను సంస్థలు ఈ షరతుకు తలవంచే గ్రాంటు పుచ్చుకున్నాయి. కాబట్టి లెక్క చూపడం మన విద్యా పరిచర్యకు కొత్త సంగతి కాదు.

1862లో ఇంగ్లండులో ‘ఫలితాన్నిబట్టి చెల్లింపు’ అనే పద్ధతి వచ్చింది. ఆ దశాబ్దంలోనే మద్రాసు ప్రెసిడెన్సీ కూడా దానిని అనుసరించింది. ఇన్‌స్పెక్టరు పిల్లలను చదవడం, వ్రాయడం, లెక్కలలో పరీక్షించేవాడు; ఉత్తీర్ణులైన వారిని బట్టి గ్రాంటు ముట్టేది. చిన్న ఊరి బడికి కూడా దీనివల్ల డబ్బు అందింది. కాని బోధన ఇన్‌స్పెక్టరు అడిగే ప్రశ్నలకు కుదించుకుపోయి కంఠస్థమే చదువైంది. ఎలాగూ తప్పుతాడనుకున్న పిల్లవాని మీద శ్రమ పెట్టడం బడికి నష్టంగా తోచింది. 1904 విద్యా విధాన తీర్మానంలో కర్జన్ ప్రభుత్వం ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది.

2. నూరేళ్ళ తరువాత

2003లో జరిగిన ఒక సర్వేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో సుమారు నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు బడిలో లేరని తేలింది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఐదు జిల్లాల్లో ఒక అధ్యయనం ఆరంభించాయి. వాటిలో విశాఖపట్నం ఒకటి. 200 బడుల్లో, పిల్లల మార్కుల్లో వచ్చిన సగటు పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చారు. అది సగటున వార్షిక జీతంలో 3 శాతమే. రెండేళ్ళకు ఆ పిల్లలు మిగతా బడుల పిల్లలకంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు ముందున్నారు. బోనసుతో సంబంధం లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లో సైతం మెరుగయ్యారు. ఇక్కడ లెక్కించినది ఉత్తీర్ణత కాదు, ఎదుగుదల. అందుచేత వెనుకబడిన పిల్లవాడు కూడా లెక్కలోకి వచ్చాడు.

అయితే బోనసు వల్ల ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు; వచ్చినవారు ఎక్కువ శ్రద్ధగా బోధించారు. మరి కొన్ని బడుల్లో బోనసు లేకుండా పరీక్షల నివేదికలిచ్చి, పర్యవేక్షణ మాత్రమే జరిపారు. పరిశీలకుల ఎదుట ఉపాధ్యాయుల శ్రమ కనిపించింది, కాని పిల్లల మార్కుల్లో తేడా రాలేదు. మనుష్యుల కంటికి కనబడేందుకు చేసే సేవను గురించి పౌలు చేసిన హెచ్చరిక బోధకులమైన మనకు తెలియనిది కాదు.

3. సంఘం బాధ్యత

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలని నిర్దేశించింది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ పాఠశాలలకు ఈ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. 2025లో మరొక ధర్మాసనం ఆ తీర్పును విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించింది. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛ విలువైనదే. అయితే చట్టం నుండి మినహాయింపు దొరికినంత మాత్రాన తల్లిదండ్రులకు లెక్క చెప్పే బాధ్యత తీరిపోదు. మన బడులు తప్పించుకునే లెక్కను ప్రభుత్వ బడిని అడిగే అర్హత మనకు ఎక్కడిది?

సంస్కరణను సమర్థించడమంటే ఉపాధ్యాయుని నిందించడం కాదు. సంఘంలోని తల్లులు, తండ్రులు బడి కమిటీ సమావేశానికి వెళ్ళి మాట్లాడేలా కాపరి వారిని ధైర్యపరచాలి. ఐదవ తరగతి పిల్లవాడు ఆదివారపు బడిలో ఒక వచనం చదవలేకపోతే ఆ సంగతి మొదట తెలిసేది మనకే. ఆ మాట బడికి చేరవేసి, ఆ పిల్లవానికి చదువు వచ్చేవరకు పట్టించుకోవడం మన పరిచర్యలో భాగమే.