సీమలో కరెంటు వేళలు

రాయలసీమ రైతు కరెంటును యూనిట్లలో కొలవడు, గంటల్లో కొలుస్తాడు. ఎన్ని గంటలు ఇస్తున్నారు, ఏ గంటల్లో ఇస్తున్నారు అన్నదే పులివెందుల చీనీ తోటలోనైనా, నంద్యాల పక్క చేలల్లోనైనా మొదటి ప్రశ్న. ఇంటికొచ్చే బిల్లు మాత్రం యూనిట్ల మాట తప్ప మరొకటి ఎత్తదు. ఏళ్ల తరబడి పక్కపక్కనే నడిచిన ఈ రెండు లెక్కలూ ఇప్పుడు ఒకచోటికి వస్తున్నాయి. ఎలా వస్తున్నాయో చూడాలంటే కపిలె బావుల కాలం నుంచి మొదలుపెట్టాలి.

కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది వాన ఏడువందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ నిలకడగా కురవదు. 1860లలో సుంకేసుల నుంచి తవ్విన కేసీ కాలువ కింద మడి ఉన్నవాళ్ల సంగతి వేరు, తక్కినవాళ్లకు బావే దిక్కు. ఎద్దులు వాలుబాటలో ముందుకు దిగితే నీళ్ల బాన పైకి రావడం, వెనక్కి అడుగులేస్తూ ఎక్కితే బాన బావిలోకి దిగడం కపిలె పని. ఎండ ముదిరితే ఎద్దులు ఓర్వలేవు కాబట్టి తెల్లవారుజామునే కట్టేవారు. సేద్యపు నీళ్లకు వేళ ఉండటం, ఆ వేళకు మనిషి నిద్ర లేవడం ఈ నేలకు కరెంటుతో వచ్చిన అలవాటు కాదు.

ఆయిలింజన్ల తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. 1950ల చివర్లో తుంగభద్ర డ్యామ్ దగ్గర జలవిద్యుత్తు మొదలైంది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1969లో పుట్టిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అప్పులతో పల్లెలకు స్తంభాలు నడిచాయి. బావులు లోతయ్యాయి, బావిలో బోరు వేశారు, చివరికి బావి పోయి బోరే మిగిలింది. లోతు పెరిగేకొద్దీ మోటారు సైజూ పెరిగింది.

అసలు మలుపు 1980లలో వచ్చింది. పంపుసెట్లకు మీటరు లెక్క పోయింది, ఎన్టీ రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున కట్టించుకుంది. రైతుకు అది పెద్ద ఊరట, కాదనేవాళ్లెవరూ లేరు. కానీ మీటరు లేని చోట వాడకాన్ని అదుపులో పెట్టేందుకు బోర్డు చేతిలో మిగిలింది గడియారం ఒక్కటే. మూడు ఫేసుల కరెంటు ఏ ఫీడరుకు ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే అప్పటి నుంచి అసలు ధర. రూపాయల్లో తగ్గిన ఖర్చు వేళల్లో తిరిగి కట్టవలసి వచ్చింది.

రాత్రి కరెంటే ఎందుకు? బొగ్గు కేంద్రంలో బాయిలరును సాయంత్రం ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. ముద్దనూరు దాపున కలమళ్లలో రాయలసీమ థర్మల్ కేంద్రం మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1994లో నడక మొదలుపెట్టింది. అలాంటి యూనిట్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి, ఊళ్లు మాత్రం నిద్రపోతాయి. ఆ మిగులు ఎవరో ఒకరు తీసుకోవాలి. సీమలో దాన్ని చేలకు మళ్లించారు.

ఇదే చిక్కు ఇంగ్లండుకూ వచ్చింది. అక్కడ 1978లో ‘ఎకానమీ 7’ పేరుతో రాత్రి ఏడు గంటలు చవక ధర పెట్టారు. గ్యాసు లేక అంతా కరెంటు మీదే నడిచే ఇళ్లలో స్టోరేజ్ హీటర్లు అమర్చుకున్నారు. పెట్టె లోపలి బరువైన ఇటుకలు రాత్రి చవక కరెంటుతో కాగి, పగలంతా ఆ వేడిని మెల్లగా గదిలోకి వదులుతాయి. చలిదేశం వేడిని దాచుకుంది. ఎండదేశంలో దాచుకోవలసింది నీళ్లు. పులివెందుల అరటి, చీనీ తోటల్లో బోరు పక్కన కట్టుకున్న గచ్చు తొట్టి, అడుగున పట్టా పరిచిన నీటికుంట చేసేది ఆ ఇటుకల పనే: రాత్రి బోరు పోసిన నీళ్లు పగలు డ్రిప్పు పైపుల్లోకి వెళతాయి.

తేడా ఒకటుంది, దాన్ని మరువకూడదు. అక్కడ రాత్రి కరెంటు తీసుకున్న ఇల్లాలు పడకగదిలో నిద్రపోయింది. ఇక్కడ రైతు టార్చిలైటు పట్టుకుని చేనికి వెళ్లాడు. తొట్టి కట్టుకునే శక్తి లేనివాడు తెల్లవార్లూ మడవ మారుస్తూ నిలబడ్డాడు. పాముకాటు, తేలుకాటు, తడి చేతికి స్టార్టరు పెట్టె షాకు ఆ వేళలకు కట్టిన అసలు బిల్లు. ఇంట్లో పడుకునే వీలు కోసం ఆటోస్టార్టర్లు బిగిస్తే, కరెంటు వచ్చిన నిమిషంలో మోటార్లన్నీ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేది. దాన్ని బాగుచేయించేలోగా పైరు ఎండేది.

ధర మీద గొడవ అంతలో రాజకీయమంతటినీ కుదిపింది. విద్యుత్ సంస్కరణల చట్టం కింద 1999లో బోర్డు ముక్కలైంది. 2000లో పెరిగిన చార్జీల మీద ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు విడిచారు. 2004 మే 14న పులివెందుల మనిషి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత విద్యుత్తు మీద పెట్టారు. ధర సున్నా అయింది కానీ వేళ మారలేదు. ఏడు గంటల కరెంటు విడతలుగానే వచ్చింది, అందులో రాత్రి విడత పోలేదు.

వేళను మార్చింది ఎండ. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల పరిధిలో 5,900 ఎకరాలకు పైగా పరుచుకున్న వెయ్యి మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కడప సౌర పార్కు వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగింది. బొగ్గు కాలంలో మిగులు రాత్రిది, ఇప్పుడు మధ్యాహ్నానిది. 2019లో వచ్చిన ప్రభుత్వం సేద్యానికి పగలే తొమ్మిది గంటలు ఇస్తామనగలిగింది. ఇప్పుడు కొరత సాయంత్రం దీపాలు పెట్టాక.

అందుకే దాచే పని మళ్లీ వచ్చింది, ఈసారి కొండంత కొలతలో. పాణ్యం దగ్గర పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ చేపట్టిన పంప్డ్ స్టోరేజ్ కేంద్రం సామర్థ్యం 1,680 మెగావాట్లు. 2022 మే 17న ఓర్వకల్లు మండలం గుమ్మితం తండా దగ్గర దీనికి శంకుస్థాపన జరిగింది. ఎండ ఉన్నప్పుడు కింది చెరువు నీళ్లు పైచెరువుకు ఎక్కుతాయి, కొరత వేళ టర్బైన్ల గుండా దిగుతాయి. నిండు సామర్థ్యంతో ఆరు గంటలు నడపగల నిల్వ అది. నదికి అడ్డం కట్టలేదు. గోరుకల్లు జలాశయం నుంచి ఒకసారి నింపుకుని, ఆవిరైనంత మాత్రం మళ్లీ పోసుకుంటారు. ఎక్కించి దించడంలో అయిదో వంతు పైనే కరెంటు పోతుంది. అయినా మధ్యాహ్నం యూనిట్‌కూ సాయంత్రం యూనిట్‌కూ ఉన్న ధర తేడా ఆ నష్టాన్ని పూడుస్తుంది. శ్రీశైలం ఎడమగట్టులో, నాగార్జునసాగర్‌లో వెనక్కి తిరిగే టర్బైన్లు ఈ పని ఎరిగినవే.

మరి కర్నూలులో, కడపలో మామూలు ఇల్లు? సిలిండరుతో పాటు ఇండక్షన్ పొయ్యి, గీజరు, కూలరు, ఒక ఏసీ. ఆ ఇంటి బిల్లులో గడియారం లేదు. 2022లో ప్రకటించిన శ్లాబుల ప్రకారం నెలకు 200 యూనిట్లు కాలిస్తే కరెంటు ఖరీదు 867 రూపాయలు. 300 కాలిస్తే 1,673. ఆఖరి వంద యూనిట్లకే 800 దాటుతుంది. స్థిర చార్జీలు, ట్రూ అప్ పేరిట వేసే పాత ఖర్చుల సర్దుబాటు అదనం. కాబట్టి ఇప్పటికి పొదుపంటే 225 దాటకుండా చూసుకోవడమే, ఆ గీత దాటిన యూనిట్ 8 రూపాయల 75 పైసలు. పదిహేను లీటర్ల గీజరు ఒకసారి కాగడానికి అరయూనిట్‌కు పైనే తీసుకుంటుంది. మేడమీద సోలార్ వాటర్ హీటరున్న ఇంట్లో ఆ పని ఎండ చేసిపెడుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. ఆ మూడు కిలోవాట్ల పలకలు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. నెట్ మీటరు ఉంటే రాత్రి వాడకం కూడా అందులోనే సర్దుబాటవుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు, సొంత మేడ లేనివాళ్లకు ఈ దారి లేదు.

వాళ్ల కోసం చేయగలిగింది వేళను బట్టి ధర. కేంద్రం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఎండ గంటల ధర మామూలు ధర కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, సేద్యం మినహా అందరికీ 2025 ఏప్రిల్ 1కల్లా ఇది రావాలని రాశారు. స్మార్ట్ మీటరుంటేనే అది సాధ్యం. మీటర్ల మీద జనానికున్న అనుమానం న్యాయమైనదే. సాయంత్రం ధర పెంచి మధ్యాహ్నం తగ్గించకపోతే అది ఇంకో వడ్డన అవుతుంది. మధ్యాహ్నపు చవక మొదటగా, నేలనిచ్చిన గని, శకునాల, పిన్నాపురం ఇళ్లకు చేరాలని అడగడం అత్యాశ కాదు. ధరలు తేల్చే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2023లో హైదరాబాదు నుంచి కర్నూలుకే మారింది. ఏటా చార్జీలు ఖరారు చేసే ముందు బహిరంగ విచారణలు జరుపుతుంది, ఏ వినియోగదారుడైనా అభ్యంతరం రాసివ్వవచ్చు.