కుక్కకీ ఒక పుట్టిల్లు

వేసవి సెలవులు మొదలైన రెండో రోజే మా ఇంట్లో పేచీ మొదలైంది. మా అబ్బాయి ఏడో తరగతి పరీక్షలు రాశాడు. "మార్కులు బాగా వస్తే ఏం అడిగినా కొంటానన్నారు కదా నాన్నా, నాకు హస్కీ కావాలి" అన్నాడు. ఫోన్లో వీడియో కూడా చూపించాడు. నీలం కళ్లు, తోడేలు ముఖం, మంచులో పడి దొర్లుతోంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కాదనను. మా అమ్మాయికేమో పగ్ కావాలట. మా వారు "కొంటే లాబ్రడారే, పిల్లలతో బాగుంటుంది" అని తేల్చేశారు. మా అత్తయ్యగారు "ఏ కుక్కా వద్దు, ఇంట్లో ఇక మడీ ఉండదు, దడీ ఉండదు" అని పూజగదిలోకి వెళ్లిపోయారు.

నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. రేపు దానికి అన్నం కలిపేది, సోఫా మీద వెంట్రుకలు దులిపేది, వర్షంలో గొడుగు పట్టుకుని కిందకి తీసుకెళ్లేది ఎవరో మీకు వేరే చెప్పాలా? కుక్క ఆయుష్షు పన్నెండు, పదమూడేళ్లు. మావాడు ఇంకో నాలుగైదేళ్లలో ఏదో ఒక హాస్టల్‌కి వెళ్లిపోతాడు. మిగిలేది అదీ, నేనూ.

అందుకే ఒక మాట అన్నాను. "పెళ్లి సంబంధానికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తాం. పన్నెండేళ్లు ఇంట్లో ఉండే ప్రాణికి కనీసం దాని పుట్టిల్లు ఏదో, అక్కడ ఏం పని చేసేదో తెలుసుకోవద్దా? నాకు పది రోజులు టైమివ్వండి." మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక కూర్చుని చదివాను. డిగ్రీలో హిస్టరీ చదివినందుకు ఇన్నాళ్లకి ఒక ఉపయోగం దొరికింది.

ముందు మావాడి హస్కీ. దాని పుట్టిల్లు సైబీరియా ఈశాన్యపు కొస. చుక్చీ అనే జనం బండ్లు లాగడానికి తరతరాలుగా పెంచుకున్న జాతి. తక్కువ తిండితో మంచు మీద రోజంతా పరుగెత్తాలి, అదీ దాని పని. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో పిల్లలకు డిఫ్తీరియా, అదే మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేవాళ్లే, అది వచ్చింది. మందు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. ఓడలు రావు, విమానం ఎగరదు. ఇరవైమంది మనుషులు, సుమారు నూట యాభై కుక్కలు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో ఆ మందు చేర్చారు. చివరి మజిలీ పరుగెత్తిన బాల్టో పేరు లోకమంతా తెలిసింది. అన్నిటికంటే ఎక్కువ దూరం, అదీ ప్రమాదమైన దారిలో లాగింది మాత్రం టోగో.

ఇది చెబుతుంటే మావాడి కళ్లు మెరిశాయి. "చూశావా అమ్మా!" అన్నాడు. "చూశాను నాన్నా. అలాంటి దాన్ని మే నెలలో హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో కట్టేస్తే అది ఏం చేస్తుంది? దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చుంది. ఎంత పరుగెత్తినా తీరని కాళ్లున్నాయి" అన్నాను. పగలూ రాత్రీ ఏసీ వేస్తే సరిపోతుందన్నాడు. కరెంటు బిల్లు చూపించాను. ఆ ఒక్క విషయంలో మా వారు నా పక్షం చేరారు.

అసలు మనిషీ కుక్కా ఎప్పటినుంచి కలిసున్నారో చూస్తే ఆశ్చర్యం వేసింది. 1914లో జర్మనీలోని బాన్ దగ్గర ఒక పాత సమాధి బయటపడింది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో పాటు ఒక కుక్కపిల్ల. సుమారు పద్నాలుగు వేల ఏళ్ల నాటిది. పళ్లు పరీక్షించిన వాళ్లు చెప్పిందేమిటంటే, ఆ పిల్లకి ఏడు నెలల వయసుంటుంది, చనిపోయే ముందు కొన్ని వారాలు డిస్టెంపర్ జబ్బుతో తీసుకుంది, ఎవరో ఒకరు దగ్గరుండి నీళ్లూ తిండీ పెట్టకపోతే అన్నాళ్లు బతికేది కాదట. వేటకి గానీ కాపలాకి గానీ పనికిరాని రోగిష్టి పిల్ల. అయినా చూసుకున్నారు. ఆ సమాధిలో ఉన్న ఆవిడే చూసుకుందో ఏమో అని నాకు అనిపించింది. రుజువేమీ లేదు లెండి.

వేల ఏళ్ల పాటు జనం కుక్కని చేసే పనిని బట్టే ఎంచుకున్నారు. అందాన్ని బట్టి లెక్కలు కట్టడం మొన్న మొన్నటి సంగతి. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ ఊళ్లో 1859లో కుక్కల ప్రదర్శన పెట్టారు. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టింది. చెవి ఇలా ఉండాలి, తోక అలా ఉండాలి అని రాసిపెట్టుకోవడం, తల్లిదండ్రుల పేర్లు పుస్తకంలో ఎక్కించడం అప్పటినుంచీ బాగా పెరిగాయి.

మన వీధుల్లో ఒకప్పుడు తెల్లటి బొచ్చుకుక్కలు ఉండేవి, గుర్తుందా? పమేరియన్ అనేవాళ్లం. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్', మన తెలుగులో 'ప్రేమాలయం', అందులో టఫీ కూడా అలాంటిదే. అసలు పమేరియన్ పుట్టిల్లు బాల్టిక్ సముద్రం పక్కన పామెరేనియా. మొదట్లో అది ఇంత చిన్నది కాదు. 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లి మార్కో అనే చిన్న కుక్కని తెచ్చుకుంది. రాణిగారి దగ్గర చిన్నది ఉంటే ఊరందరికీ చిన్నదే కావాలి కదా. అలా ఏటేటా చిన్నదైపోయింది. 1901లో రాణి పోయేటప్పుడు కూడా పడక మీద టూరీ అనే పమేరియన్ ఉందట. మన ఇళ్లలో పెరిగినవి చాలామటుకు దాని దూరపు చుట్టం, ఇండియన్ స్పిట్జ్. తెల్లవాళ్లు తెచ్చిన జర్మన్ స్పిట్జ్ రకాల నుంచి వచ్చి మన ఎండలకి అలవాటు పడిన జాతి. మన అన్నం తింటూ, మేడ మీద తిరుగుతూ బాగానే బతికాయి. తలుపు దగ్గర చీమ కదిలినా మొరుగుతాయి, అదొక్కటే ఇబ్బంది.

మా అమ్మాయి అడిగిన పగ్ పుట్టిల్లు చైనా రాజుల అంతఃపురం. ఒళ్లో కూర్చోవడమే దాని ఉద్యోగం. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక చిన్న పిల్లాడి వెనకాలే నడిచిన కుక్క వల్ల మన దగ్గర ఇంటింటికీ వచ్చింది. ముక్కు అణిగిపోయిన ముఖం ముద్దొస్తుంది నిజమే, కానీ ఆ ముక్కులోంచే అది ఊపిరి తీసుకోవాలి. ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి కుక్కకి ఉన్న ముఖ్యమైన దారి నాలుక చాచి రొప్పడమే. దానికి అదీ సరిగ్గా కుదరదు. మా పై ఫ్లాట్ వాళ్ల పగ్ గురక మాకు వినిపిస్తుంది. అది గురక కాదు, గాలి కోసం పడే అవస్థ అని చదివాక మా అమ్మాయి ఇక ఆ మాట ఎత్తలేదు.

మా వారి లాబ్రడార్ పుట్టిల్లు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్. జాలర్లతో పాటు చల్లటి నీళ్లలో దూకి, వలలు లాగడానికి సాయం చేసిన కుక్కల సంతానం. ఇంగ్లండ్ దొరలు తీసుకెళ్లి తుపాకీతో కొట్టిన పక్షుల్ని నలగకుండా నోట కరిచి తెచ్చేలా పెంచారు. 1903లో కెన్నెల్ క్లబ్ పుస్తకంలోకి ఎక్కింది. పిల్లల చెయ్యి పట్టినా మెత్తగా పడుతుందంటే అందుకే. ఇంకో సంగతి, 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు కనిపెట్టింది: లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకి, ఆకలి తీరిందని చెప్పే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందట. ఎంత తిన్నా ఇంకా పెట్టమన్నట్టే చూస్తుంది. మా అత్తయ్యగారి చేతికి అలాంటి దాన్ని అప్పగిస్తే ఆరు నెలల్లో పీపా అవుతుంది. అన్నం వద్దన్న వాడికే మూడు సార్లు వడ్డించే చెయ్యి అది.

జర్మన్ షెపర్డ్ సంగతీ చూశాను. 1899లో స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి గొర్రెలు కాసే ఒక కుక్కని కొని, దాన్ని మూలపురుషుడిగా పెట్టి జాతిని తీర్చిదిద్దాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ అనే పేరంటేనే పడక ఇంగ్లీషువాళ్లు దాన్ని 'అల్సేషియన్' అన్నారు. మన పెద్దవాళ్లు ఇప్పటికీ అదే మాట అంటారు. రోజంతా ఏదో ఒక పని చెప్పే యజమాని కావాలి దానికి. మా ఇంట్లో పని చెబితే వినేవాళ్లు ఎవరూ లేరు, చెప్పే ఓపిక నాకూ లేదు.

మన దేశపు జాతులు తక్కువేం కాదు. 2005లో తపాలా శాఖ నాలుగింటికి బిళ్లలు వేసింది. వాటిలో కర్ణాటకలోని ముధోళ్, తమిళనాడులోని రాజపాళయం ఉన్నాయి. ఆ రాజపాళయంలో ఉండే రాజులు ఎప్పుడో విజయనగర కాలంలో వలస వెళ్లిన మన తెలుగువాళ్లే. కానీ ఇవి వేటకుక్కలు. వాటికి పొలమూ దొడ్డీ కావాలి.

ఇలా చదువుతూ చదువుతూ ఒక రోజు ఒక పేరు దగ్గర ఆగిపోయాను. జోనంగి. కొల్లేటి చుట్టుపక్కల, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఉండే నాటు జాతి. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు. మొరగడం తక్కువ, రాగం తీసినట్టు అరుస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. రైతులు బాతుల మందలు తోలడానికి పెంచేవారు.

మా టైగరు!

మాది కొల్లేటి పక్క పల్లె. మా నాయనమ్మకి బాతులుండేవి. కోతలయ్యాక రాలిన గింజలు తినడానికి చేలోకి తోలితే, వెనక టైగరు. ఒక్క బాతుని కూడా పంటితో పట్టుకునేది కాదు. మా ఇంట్లో ఎవరూ దాన్ని జాతి పేరుతో పిలవలేదు. అచ్చమైన జోనంగి అని ఇప్పుడూ నేను చెప్పలేను. కానీ ఆ ముడతల నుదురూ, ఆ రాగమూ, వాకిట్లో ఆ గొయ్యీ అన్నీ దానివే. నాయనమ్మ రోజూ తిట్టుకుంటూ ఆ గొయ్యి పూడ్చేది.

తర్వాత చేలన్నీ చేపల చెరువులయ్యాయి. 1980ల నుంచి కొల్లేటి చుట్టూ అదే జరిగింది. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చెరువు గట్లు కొట్టేశారు, కానీ అప్పటికి మేము ఎక్కడున్నాం? మా నాన్న పొలం చెరువుకి ఇచ్చేసి ఏలూరు వచ్చేశారు. బాతులు లేవు, ఇక వాటి వెనక కుక్కతో ఏం పని? అద్దె ఇంటివాళ్లు కుక్క వద్దన్నారు. టైగరుని ఊళ్లోనే వదిలేశాం. పక్కింటివాళ్లు అన్నం పెడతామన్నారు. సంక్రాంతికి వెళ్తే తాళం వేసిన మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది, బక్కచిక్కిపోయి. మళ్లీ ఏడు వెళ్తే లేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అప్పుడు నాకు పదకొండేళ్లు, సరిగ్గా మావాడి ఈడు.

చదివితే, పని పోయాక అలా పోయిన కుక్కలు మా ఒక్క ఇంటివే కాదని తెలిసింది. బాతులు పోయి చేపలొచ్చాక ఆ జాతే తగ్గిపోయింది. పని కోసం పెంచుకుని, పని తీరాక వదిలేశాం. ఇప్పుడు ముచ్చట కోసం కొని, ముచ్చట తీరాక వదిలేస్తున్నాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా పిల్లలకి చెప్పాను. మా వారికి కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అత్తయ్యగారే మజ్జిగ పోసుకుంటూ, "ధర్మరాజు స్వర్గం గుమ్మం దాకా వెళ్లి కూడా, కుక్కని వదిలి లోపలికి రానన్నాడు. మనం ఏలూరు దాకా కూడా తీసుకెళ్లలేకపోయాం" అన్నారు. 'మీరు' అనలేదు, 'మనం' అన్నారు. నాకు ముద్ద మింగుడు పడలేదు.

మర్నాడు మావాడే సెల్లార్‌కి తీసుకెళ్లాడు. వీధికుక్క ఒకటి జనరేటర్ వెనక నాలుగు పిల్లల్ని పెట్టింది. వాచ్‌మన్ భార్య దానికి రోజూ గంజి పోస్తోంది. మూడు మగపిల్లల్ని అప్పుడే ఎవరెవరో అడిగారట. ఆడపిల్లని ఎవరూ అడగలేదు.

ఇదీ మన ఎండకి పుట్టింది, మన తిండికి పుట్టింది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. అలాగని ఖర్చు లేదనుకోకండి. రెండు నెలలు తల్లి దగ్గరే ఉండనివ్వాలన్నారు డాక్టరుగారు. ఆ తర్వాత టీకాలు, మూడో నెలలో రేబిస్ టీకా, ఏటా మళ్లీ వేయించడం, పెద్దయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. పొద్దున నడక మావాడిది, సాయంత్రం అమ్మాయిది, స్నానం మా వారిది. నాది అన్నం కలపడం మాత్రమే. కింద అందరి చేతా సంతకాలు పెట్టించాను. ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. నిలవకపోయినా ఈసారి ఇల్లు మారితే కుక్కకి చోటిచ్చే ఇల్లే చూస్తానని మా వారికి ముందే చెప్పాను.

ఈ మంగళవారానికి దానికి రెండు నెలలు నిండుతాయి. తేవడానికి పిల్లలు తయారవుతుంటే అత్తయ్యగారు అడ్డం పడ్డారు. మళ్లీ మడి సంగతేమో అనుకున్నాను.

"మంగళవారం ఆడపిల్లని ఎవరైనా ఇంటికి తెచ్చుకుంటారా? బుధవారం పొద్దున తీసుకురండి. వంటింట్లోకీ పూజగదిలోకీ మాత్రం రాకూడదు" అన్నారు.