పెన్‌డ్రైవ్‌తో కారు మ్యాప్ అప్‌డేట్: మొరాయింపులు, మరమ్మతులు

కారు డ్యాష్‌బోర్డులో కంపెనీవాళ్లే అమర్చి ఇచ్చే నావిగేషన్ దారి చూపడానికి ఇంటర్నెట్ మీద ఆధారపడదు. దేశం మొత్తం రోడ్ల పటం తెర వెనక మెమరీలోనో, ఎస్‌డీ కార్డులోనో ముందే ఎక్కించి ఉంటుంది. ఉపగ్రహాల సంకేతాలతో బండి ఎక్కడుందో లెక్కగట్టి, ఆ పటం మీద గుర్తు పెడుతుంది. చిక్కల్లా, ఆ పటం బండి తయారైన నాటిది కావడమే. రోడ్లు మారతాయి, అది మారదు. కొత్త పటాన్ని కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, కారు యూఎస్‌బీ పోర్టు ద్వారా లోపలికి ఎక్కించడమే మ్యాప్ అప్‌డేట్. చెప్పడానికి రెండు ముక్కలే. చేసేటప్పుడు మాత్రం ఫైల్ దొరకలేదనో, సరైన యూఎస్‌బీ పెట్టమనో తెర మొండికేస్తుంది. అలా మొండికేసినప్పుడు ముందు అనుమానించాల్సింది కారును కాదు, పెన్‌డ్రైవ్‌ను.

చీమకుర్తి దారులు

ప్రకాశం జిల్లా చీమకుర్తిలో పాత మ్యాప్ పెట్టే తిప్పలు రెండు రకాలు: అప్‌డేట్‌తో తీరేవి, తీరనివి. ఒంగోలు నుంచి పొదిలి మీదుగా కర్నూలు వెళ్లే రోడ్డు మీద, ఒంగోలుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కు పుట్టిల్లు. రామతీర్థం వైపు క్వారీ గొయ్యి వెడల్పయ్యే కొద్దీ అంచున ఉన్న బాట వెనక్కి జరుగుతుంది. మొన్నటిదాకా టిప్పర్లు తిరిగిన దారికి రాళ్లు అడ్డం పడతాయి. ఎప్పుడో ఒకసారి విడుదలయ్యే మ్యాప్ ఇలాంటి బాటలను పట్టుకోలేదు. అప్‌డేట్ సజావుగా జరిగాక కూడా క్వారీ దారి తెర మీద కనిపించలేదంటే, మళ్లీ పెన్‌డ్రైవ్ గుచ్చి ప్రయోజనం లేదు.

తీరేవి పెద్ద రోడ్ల మార్పులు. 2010లో కేంద్రం జాతీయ రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు, ఒంగోలు మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా రోడ్డు 5 కాస్తా 16 అయింది. చీరాల, బాపట్ల వైపు వెళ్లే తీర రహదారి 214ఏ నుంచి 216కు మారింది. పాత మ్యాప్ ఉన్న కారు ఇప్పటికీ ఎన్‌హెచ్ 5 ఎక్కమంటుంది. బోర్డు మీద 16 చూసిన కొత్త డ్రైవరు తికమకపడి ముందుకు పోతాడు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారి చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. జిల్లా ఎంచుకుని, ఆ తర్వాత ఊరు వెతికే తరహా మెనూల్లో ఇది నేరుగా తగులుతుంది. కొడికొండ నుంచి అద్దంకి దగ్గర ముప్పవరం దాకా పొలాల మధ్య వేస్తున్న బెంగళూరు–విజయవాడ కారిడార్ లాంటి కొత్త రోడ్ల మీద, పాత పటంలో బండి గుర్తు దారీతెన్నూ లేని ఖాళీ నేల మీద పరుగెడుతుంది.

ఈ పటాలను కార్ల కంపెనీలు సొంతంగా గీయవు. మన దేశంలో 1995లో మొదలైన మ్యాప్‌మైఇండియా, విదేశాల్లో హియర్, టామ్‌టామ్ వంటి సంస్థలు గీసి అమ్ముతాయి. హియర్ నోకియా చేతిలో ఉండేది. 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కలిసి కొనుక్కున్నాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించాక భారతీయ సంస్థలకు పటాల తయారీలో ముందస్తు అనుమతుల బెడద తప్పింది. గీసిన పటం కారు తెరకు సరిపడే రూపంలోకి మారి, పరీక్షలు దాటి బయటికి వచ్చేసరికి సమయం పడుతుంది కాబట్టి, కొత్త అప్‌డేట్ కూడా ఎంతో కొంత పాతదే.

కారుకూ కంప్యూటర్‌కూ మధ్య

అప్‌డేట్ ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. కంపెనీ సైట్‌లో మోడల్, తయారీ సంవత్సరం ఎంచుకోవడం ఒక దశ. ఫైల్ డౌన్‌లోడ్ కావడం, పెన్‌డ్రైవ్‌లోకి చేరడం తర్వాతివి. కారు దాన్ని చదివి తనకోసం వచ్చిందేనా అని సరిచూసుకుంటుంది, ఆ తర్వాతే కాపీ చేసుకుని రీస్టార్ట్ అవుతుంది.

పద్ధతి కంపెనీకో తీరు. హ్యుందాయ్, కియాలకు నావిగేషన్ అప్‌డేటర్ అనే ప్రోగ్రాం ఉంది. కంప్యూటర్‌లో వేసుకుని మోడల్ ఎంచుకుంటే అదే ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో సర్దుతుంది. 2019లో పెనుకొండ దగ్గరి కర్మాగారం నుంచి బయటికొచ్చిన కియా సెల్టోస్ ఈ కుదురుకు చెందినదే. రెనో డస్టర్ వంటి కార్లలో వచ్చిన మీడియా నావ్‌ది తలకిందుల వరస. ముందు ఖాళీ పెన్‌డ్రైవ్ కారుకు పెట్టాలి. కారు తన వివరాలను దాంట్లో రాస్తుంది. దాన్ని కంప్యూటర్‌కు తెచ్చి నావిఎక్స్‌ట్రాస్ టూల్‌బాక్స్‌లో తెరిస్తే, ఆ కారుకు సరిపోయే పటం మాత్రమే దిగుతుంది. మళ్లీ అదే డ్రైవ్ కారుకు పెట్టాలి. నడుమ ఎవరైనా డ్రైవ్‌ను శుభ్రంగా ఫార్మాట్ చేశారా, కారు రాసిన గుర్తు పోయి మొదటికొస్తుంది. మారుతీ తొలి తరం స్మార్ట్‌ప్లేలో మ్యాప్ ఎస్‌డీ కార్డులో ఉంటుంది గనుక అక్కడ పెన్‌డ్రైవ్‌తో పనే లేదు.

ఒకే పేరుతో అమ్ముడైన కారులోనే తయారీ సంవత్సరాన్ని బట్టి తెర మారుతుంది. అందుకే సెట్టింగుల్లో సిస్టమ్ సమాచారం తెరిచి, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మ్యాప్ వెర్షన్ ముందే ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది. ప్రాంతం కూడా చూసుకోవాలి. యూరప్ పటాన్ని మన దేశపు కారు ముట్టదు.

పెన్‌డ్రైవ్ పేచీలు

అన్నిటికన్నా ముందు వచ్చేది ఫార్మాట్ గొడవ. పాత కార్ల తెరలకు బాగా తెలిసిన అమరిక ఫ్యాట్32. దానికో హద్దుంది: ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీగా ఉన్నా, 5 జీబీ ఫైల్ వేయబోతే విండోస్ ఫైల్ మరీ పెద్దదంటుంది. జనం డ్రైవ్ పాడైందనుకుని కొత్తది కొంటారు. అదీ అదే మాట అంటుంది. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌కు ఈ హద్దు లేదు, కానీ పాత తెరల్లో కొన్ని దాన్ని చదవలేవు. ఫోర్డ్ సింక్ 3 వంటివి ఎక్స్‌ఫ్యాట్‌ను అంగీకరిస్తాయి. విండోస్ సొంత ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను కారు సూచనల్లో ప్రత్యేకంగా అడిగితే తప్ప వాడకూడదు. ఇంకో మెలిక: విండోస్‌లో రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ చేసే కిటికీ చాలా ఏళ్లపాటు 32 జీబీ దాటిన డ్రైవ్‌లకు ఫ్యాట్32ను చూపించనే లేదు. 64 జీబీ డ్రైవ్ కొన్నవాళ్లు దాంతో ఎక్స్‌ఫ్యాట్ చేసి కారుకు పెట్టి, కారును తిట్టుకున్నారు. కంపెనీ 32 జీబీ చాలంటే 32 జీబీదే కొనడం సుఖం.

అట్ట మీద 64 జీబీ అని ఉన్నదాన్ని విండోస్ 59.6గా చూపడం మోసం కాదు. తయారీదారు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కగట్టడం వల్ల వచ్చే తేడా అది. అసలు మోసం వేరే ఉంది. సంత సరుకులో దొరికే నకిలీ డ్రైవ్‌లు లోపల తక్కువ మెమరీ పెట్టుకుని ఎక్కువ ఉన్నట్టు చూపిస్తాయి. కాపీ అయినట్టే కనిపిస్తుంది, చివరి ఫైళ్లు మాత్రం చెత్తగా మారతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి ఈ దొంగతనాన్ని బయటపెడుతుంది.

మన పట్టణాల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది జిరాక్స్ షాపుల పెన్‌డ్రైవ్. ఆధార్ కాపీలకూ అడంగల్ ప్రింట్లకూ పది కంప్యూటర్లు తిరిగొచ్చిన డ్రైవ్‌కు షార్ట్‌కట్ వైరస్ తగులుకోవడం మామూలే. అది అసలు ఫోల్డర్లను దాచి, వాటి పేరుతో నకిలీ షార్ట్‌కట్లు పెడుతుంది. కంప్యూటర్‌లో అంతా ఉన్నట్టే కనిపిస్తుంది, కారుకు మాత్రం ఉండాల్సిన చోట ఉండాల్సినట్టు ఏదీ దొరకదు. మ్యాప్ కోసం విడిగా ఒక కొత్త డ్రైవ్ పెట్టుకోవడం ఇంతకంటే చౌక. మ్యాక్ కంప్యూటర్లు వైరస్ లేకుండానే, ముందు చుక్క ఉన్న దాపుడు ఫైళ్లను డ్రైవ్‌లో చల్లుతాయి. కొన్ని తెరలు వాటిని చూసి తడబడతాయి. విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికి ఒకసారి వాడిన డ్రైవ్ అయితే లోపల రెండు విభాగాలు మిగిలిపోయి ఉండవచ్చు, లేదా కారుకు తెలియని జీపీటీ పద్ధతిలో విభజన జరిగి ఉండవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అన్నీ తీసేసి, ఎంబీఆర్ పద్ధతిలో ఒకే విభాగంగా చేసుకోవాలి.

ఫోల్డర్ చోటు కూడా పేచీ పెడుతుంది. పత్తిని బేళ్లుగా నొక్కి పంపినట్టు మ్యాప్‌ను జిప్ చేసి పంపుతారు. కొన్ని కార్లకు విప్పిన సరుకు కావాలి, కొన్నిటికి కట్ట కట్టగానే కావాలి. ఏది కావాలో సూచనల్లో ఉంటుంది, ఊహించి చేస్తే పని చెడుతుంది. విప్పేటప్పుడు విండోస్ ఆ ఫైల్ పేరుతోనే మరో ఫోల్డర్ సృష్టించి అన్నీ అందులో పడేస్తుంది. కారు మాత్రం డ్రైవ్ తెరవగానే ఎదురుగా చూస్తుంది, లోపలి గదుల్లోకి వెళ్లి వెతకదు. ఫోర్డ్ సింక్‌లో ఆటోఇన్‌స్టాల్ అనే జాబితా ఫైల్ డ్రైవ్ మొదట్లోనే ఉండాలన్న నియమం ఇందుకే.

వేగం సంగతి. చవక డ్రైవ్ సెకనుకు 10 ఎంబీ రాస్తే, 30 జీబీ రాయడానికి 50 నిమిషాలు పడుతుంది. తెర మీద కాపీ గీత నిండగానే లాగేస్తే చివరి ముక్క ఇంకా దారిలోనే ఉండవచ్చు. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చన్న మాట వచ్చాకే తీయాలి.

కారు వైపు

డ్రైవ్ సరిగానే ఉన్నా కారు పలకకపోతే పోర్టు మార్చి చూడాలి. కార్లలో కొన్ని పోర్టులు ఫోన్ చార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా తీగ ఉండదు. వెనక సీటువాళ్లకిచ్చేవి తరచూ ఈ రకం. టైప్‌–సి పోర్టుకు మార్పిడి ముక్క, పొడిగింపు తీగ వంటివి తీసేసి నేరుగా గుచ్చాలి.

మధ్యలో ఆగిపోయే అప్‌డేట్ విషయంలో శాతం చూసి రోగం పట్టవచ్చు. మూడుసార్లు చేసినా సరిగ్గా ఒకే శాతం దగ్గర ఆగితే ఫైలే చెడిపోయిందని అనుమానించాలి; మళ్లీ డౌన్‌లోడ్ చేయడమే మందు. ఒకసారి 20 దగ్గర, మరోసారి 70 దగ్గర ఆగితే కరెంటు, వదులు పోర్టు, వేడి, ఈ మూడింటిలో ఒకటి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రమే వేసి ఉంచితే కొన్ని కార్లు బ్యాటరీ కాపాడుకోవడానికి కాసేపట్లో తెర ఆపేస్తాయి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగే సౌకర్యం ఉంటే దాన్ని ఆఫ్ చేయాలి. రోహిణి కార్తె ఎండలో, రాతి దుమ్ము మధ్య నిలిపిన కారు డ్యాష్‌బోర్డు కాలిపోతుంటుంది. తెర తనను తాను కాపాడుకోవడానికి పని ఆపేయవచ్చు. తెల్లవారుజామున, ఆరుబయట నీడలో ఇంజిన్ నడుపుతూ చేయడం మేలు. మూసిన షెడ్డులో మాత్రం ఇంజిన్ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఎక్కాక కూడా తప్పు చూపిస్తే

వెర్షన్ మారింది, రోడ్లు కొత్తవే కనిపిస్తున్నాయి, అయినా బండి గుర్తు పక్క పొలంలో ఉంది. ఇది మ్యాప్ తప్పు కాకపోవచ్చు, ఉపగ్రహ సంకేతం అందకపోవడం కావచ్చు. లోతైన క్వారీ గోతిలో ఆకాశం కొంతే కనిపిస్తుంది, అందే ఉపగ్రహాలూ తగ్గుతాయి. బయటికొచ్చి కాసేపు ఆగి చూడాలి. పాత కార్లలో తేదీ లెక్క ఇంకో చిక్కు. జీపీఎస్ వారాలను 1024 దాకా లెక్కబెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా జరిగింది. 2022 జనవరిలో ప్రపంచవ్యాప్తంగా కొన్ని పాత హోండా కార్ల గడియారాలు 2002కు వెళ్లిపోయిన వార్త కూడా ఇలాంటి వారాల లెక్కకు ముడిపడ్డదే. దాన్ని మ్యాప్ కాదు, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ సరిచేయాలి. శ్రీహరికోట నుంచి 2013 జులై 1న తొలి ఉపగ్రహాన్ని పంపి భారత్ నిర్మించుకున్న నావిక్ కూడా మ్యాప్ అప్‌డేట్‌తో కారుకు రాదు. అందుకు తగిన రిసీవర్ చిప్ ముందే ఉండాలి.

ఊరు దొరక్కపోవడం మరొకటి. ఇంగ్లిష్ అక్షరాల్లో చీమకుర్తికి చివర ఐ పెట్టేవారున్నారు, వై పెట్టేవారున్నారు, మొదట్లో ‘ఈ’ (E) అక్షరం రెండుసార్లు రాసేవారూ ఉన్నారు. మొదటి నాలుగైదు అక్షరాలు మార్చి మార్చి కొట్టాలి. రామతీర్థం అని కొడితే విజయనగరం జిల్లాలోది ముందు రావచ్చు, దూరం చూసుకుని నొక్కాలి.

తెర పూర్తిగా నల్లబడితే, లేదా కంపెనీ గుర్తు దగ్గరే ఆగి పదే పదే రీస్టార్ట్ అవుతుంటే, బ్యాటరీ తీగ పీకడం మొదటి పని కాకూడదు. అదే డ్రైవ్ పోర్టులో ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొన్ని సిస్టమ్‌లు ఆగిన చోటి నుంచి అందుకుంటాయి. హ్యుందాయ్, కియా తెరల దగ్గర సన్నని రంధ్రంలో రీసెట్ మీట ఉంటుంది, పిన్నుతో నొక్కవచ్చు. రెండూ పని చేయకపోతే ఒంగోలులోనో గుంటూరులోనో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడిన పెన్‌డ్రైవ్, తెర మీద వచ్చిన మాటల ఫోటో, ముందే తీసుకున్న వెర్షన్ ఫోటో, చాసిస్ నంబరు ఉన్న ఆర్‌సీ వెంట ఉంటే మెకానిక్ ఏ ఫైల్ ఎక్కించాలో వెతుక్కోనక్కర్లేదు. వారంటీ గడువు లోపల ఉంటే డబ్బు మాట రాకముందే ఆ సంగతి చెప్పాలి.