మరుగైన తార చెప్పిన మాట

దూరగ్రహమొకటి నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు ఆ కాంతి తగ్గే తీరును కొలిచి గ్రహ పరిమాణాన్ని, వాతావరణాన్ని, పరిసరాలను తెలుసుకొనవచ్చును. నక్షత్రాచ్ఛాదనమని ఈ పద్ధతికి పేరు. దీని చరిత్రతో తెలుగునేలకూ కొంత సంబంధమున్నది.

హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి చెంత పెరిగి, ఆకాశంతో చెలిమి చేసిన వైను బప్పు, తరువాత తమిళనాట కావలూరులో వేధశాలను నెలకొల్పినారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక తారను మరుగుపరచనున్నదని అక్కడ 40 అంగుళాల దూరదర్శినితో జె. సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి కనిపెట్టుకొని ఉన్నారు. ఎదురుచూసిన వేళకు ముందే వెలుగు కొద్ది క్షణాలు తగ్గినది. అది కొత్త ఉపగ్రహపు నీడ అని వారు భావించినారు. అదే రాత్రి హిందూమహాసముద్రంపై విమానంనుంచి చూసిన ఇలియట్ బృందానికి గ్రహానికి ఇరువైపులా, దాదాపు సమానదూరాలలో, అటువంటి తగ్గుదలలే కనిపించినవి. యురేనస్‌కు వలయాలున్నవని లోకానికి తెలిసినది. 2013లో చారిక్లో అనే చిన్న గోళానికీ ఈ విధంగానే వలయాలు దొరికినవి.

కావలూరువారు చూసిన నీడ నిజమే; చెప్పిన అర్థమే నిలువలేదు. రచనలో ఒక పార్శ్వం చూసి తీర్పు పలికే మనవంటి విమర్శకులు, రెండవ పార్శ్వమూ దాటేవరకు కాచుకొనటం మేలు.