ఏడొందల కిలోమీటర్లు దాటి లోకల్ బండికి

విశాఖ నగరంలోని గాజువాక చుట్టూ రైలు పట్టాలకు కొదవ లేదు. అయినా ఈ ఊరివాళ్లకు సిటీ రైలు ఎక్కే ముచ్చట తీరింది హైదరాబాద్‌లోనో, మద్రాసులోనో, కలకత్తాలోనో. అక్కడ అంత సులువుగా కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరలేదో ఆ ప్రయాణాల చరిత్రే చెబుతుంది.

2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ హైదరాబాద్ జంట నగరాల ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లను ప్రారంభించారు. ఉమ్మడి రాష్ట్రానికి అదే రాజధాని కాబట్టి, ఆ రైలు మీద విశాఖ జిల్లావాడికీ కాస్త హక్కున్నట్టే అనిపించింది. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకు, సెక్రటేరియట్‌లో ఫైళ్ల కోసం గాజువాక నుంచి వెళ్లే జనం ఎలాగూ ఉన్నారు. వాళ్ల ప్రయాణానికి ఇంకో చిన్న పని కలిసింది: వెళ్లినప్పుడు ఆ కొత్త లోకల్ కూడా ఒకసారి ఎక్కి రావాలి.

వింత ఏమిటంటే, రైలు చూడని ఊరు కాదు గాజువాక. ఒక పక్క రేవు, ఇంకో పక్క ఉక్కు కర్మాగారం. ఖనిజం, బొగ్గు, ఉక్కు మోసే గూడ్సు బళ్లు రాత్రీ పగలూ తిరిగే ప్రాంతం. మనుషులు రైలెక్కాలంటే మాత్రం కూర్మన్నపాలెం మీదుగా దువ్వాడ పోవాలి. విశాఖ స్టేషన్లోకి వెళ్లకుండా సాగిపోయే కొన్ని దూరపు బళ్లకు దువ్వాడే విశాఖపట్నం. అక్కడ నిలబడితే హౌరా, చెన్నై, హైదరాబాద్ మూడూ అందుతాయి. ఉదయం కర్మాగారంలో ‘ఏ’ షిఫ్టుకు వెళ్లే బండి మాత్రం వెతుక్కోవాలి.

మూడు దిక్కులా మూడు నగరాలు

మద్రాసు ముచ్చట అన్నిటికన్నా పాతది. 1931లోనే అక్కడ బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా మీటర్ గేజి మీద కరెంటు రైళ్లు నడిచాయి. అంతకు ముందు దేశంలో అలాంటివి బొంబాయిలోనే ఉండేవి. అక్కడ మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా దాకా నడిచింది. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో వేషాల కోసం, పాటల కోసం ఉత్తరాంధ్ర నుంచి మెయిలెక్కినవాళ్లు దిగింది సెంట్రల్‌లో. ఆ తర్వాత వాళ్ల రోజువారీ బతుకంతా ఆ తాంబరం లైను మీదే: కోడంబాక్కంలో స్టూడియోలు, మాంబళంలో అద్దె గదులు. వాళ్లు ఇంటికొచ్చినప్పుడు చెప్పిన కబుర్లలో తారల పక్కన ఎలక్ట్రిక్ ట్రైనూ ఉండేది.

కలకత్తా వంతు 1984లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 24న ఎస్ప్లనేడ్, భవానీపూర్ మధ్య దేశంలో తొలి భూగర్భ మెట్రో మొదలైంది. నడిచింది 3.4 కిలోమీటర్లే. అయినా దక్షిణాది నుంచి హౌరా పోయే బళ్లు ఎక్కువగా మన మీదుగానే పోతాయి. కాళీఘాట్ దర్శనానికి వెళ్లినవాళ్లకు నేల కింద నడిచే రైలు మరో దర్శనమైంది. నలభై ఏళ్ల తర్వాత, 2024 మార్చిలో, ఆ నగరం ఇంకో అడుగు వేసింది. ఇప్పుడు హౌరా స్టేషన్లో దిగినవాడు అక్కడే మెట్లు దిగి మెట్రో ఎక్కితే హుగ్లీ నది అడుగు నుంచి సుమారు ముప్పావు నిమిషంలో అవతలి గట్టుకు చేరతాడు. దూరపు బండి దిగిన చోటే సిటీ బండి దొరకడంలో ఉన్న సుఖమేమిటో దేశంలో ఇంతకన్నా బాగా చూపించే చోట్లు ఎక్కువ లేవు.

కొత్త రైలు ఎక్కడమే పనిగా జనం బయల్దేరడం మన ఒక్కరి సరదా కాదు. లండన్‌లో 1863 జనవరి 10న ప్రపంచంలోనే మొదటి భూగర్భ రైలు జనానికి అందుబాటులోకి వచ్చినప్పుడు తొలిరోజే సుమారు 38 వేల మంది ఎక్కారు. వాళ్లలో ఆఫీసుకు పోయేవాళ్లకన్నా చూసిపోదామని వచ్చినవాళ్లే ఎక్కువై ఉంటారనుకోవడానికి పెద్ద ఊహ అక్కర్లేదు. ఆవిరి ఇంజను పొగ నిండిన సొరంగంలోకి కోరి దిగిన జనం వాళ్లు!

గోదావరి ఎక్కితే

మద్రాసు, కలకత్తా ఎంత ఊరించినా, గాజువాకకు సిటీ రైలంటే గుర్తొచ్చేది హైదరాబాదే. దానికి కారణం ఒక బండి. 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు, హైదరాబాద్ మధ్య మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు 2024లో యాభై ఏళ్లు నిండితే విశాఖ స్టేషన్లో కేకు కోసి వేడుక చేశారు. సాయంత్రం విశాఖలో బయల్దేరి, దువ్వాడలో మనల్ని ఎక్కించుకుని, తెల్లారేసరికి హైదరాబాద్‌లో దించుతుంది. ఒక రాత్రి నిద్ర, ఒక పగటి పని, మళ్లీ ఒక రాత్రి నిద్ర. సెలవు పెట్టాల్సింది ఒక్క రోజే. అందుకే ఉత్తరాంధ్ర ఇళ్లలో ఊరికి వెళ్తున్నావా అని కాదు, గోదావరికి టికెట్ దొరికిందా అని అడుగుతారు.

ఆ రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కింద పరుగెత్తేది ఒకే కాలపు పట్టా కాదు. దువ్వాడ నుంచి బెజవాడ దాకా ఉన్నది ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 తర్వాత తెరిచిన దారి. గోదావరి మీద వంతెన 1900లో గాని పూర్తి కాలేదు; అంతదాకా రాజమండ్రిలో దిగి, పడవలో నది దాటి, కొవ్వూరులో మళ్లీ రైలెక్కేవాళ్లు. ఆ పాత హేవ్‌లాక్ వంతెన 1997 దాకా బళ్లను మోసింది. రోడ్డు కం రైలు వంతెన మాత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ పుట్టిన 1974లోనే వచ్చింది.

బెజవాడ దాటాక దారి నిజాముది. నిజాం హామీతో వేసిన రైల్వే 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ చేరి, 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు సాగింది. అంటే పడమటి నుంచి తూర్పుకు వేసిన దారిని మనం తూర్పు నుంచి పడమటికి వెనక్కి చదువుకుంటూ పోతాం. తెల్లారి సికింద్రాబాద్‌లో దిగి లింగంపల్లి వైపు లోకల్ ఎక్కితే, అది పోయేదీ ఆ 1874 నాటి వాడి లైను మీదే. జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్, బేగంపేట, భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, చందానగర్, లింగంపల్లి. బొంబాయి వైపు ప్రయాణాల కోసం నూట ముప్పై ఏళ్ల కిందట వేసిన పట్టా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వేలాడుతూ పోయారు.

కొత్తది పట్టా కాదు

ఎం.ఎం.టి.ఎస్. గురించి గుర్తుంచుకోవాల్సిన ముఖ్య విషయం అదే. కొత్తగా వేసిన దారి అందులో తక్కువ. ఉన్న లైన్లకే స్టేషన్లు పెంచారు, సిగ్నళ్లు బాగు చేశారు, గబగబా వేగం అందుకునే కరెంటు రైళ్లు తెచ్చారు, వాటికోసం ఒక టైంటేబుల్ రాశారు. ఖర్చులో సగం రాష్ట్రం, సగం రైల్వే పెట్టుకున్నాయి. సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి దాకా బస్సులో ఒళ్లు హూనమయ్యే దూరం కొద్ది రూపాయల టికెట్‌తో అందింది. పాతబస్తీ వైపు కాచిగూడ, మలక్‌పేట, యాకుత్‌పురా మీదుగా ఫలక్‌నుమా దాకా మరో కొమ్మ వేశారు. ఆ దారిలో అంతకు ముందూ పాసింజర్లు తిరిగేవి. అయితే పాసింజరు వచ్చినప్పుడు ఎక్కాలి. లోకల్ మనం వెళ్లినప్పుడు రావాలి.

ఎం.ఎం.టి.ఎస్. ఆ మాట పూర్తిగా నిలబెట్టుకోలేకపోయింది. పట్టా ఒకటే కావడంతో దూరపు బళ్లకు, గూడ్సుకు దారి వదలడం దానికి తప్పలేదు. ఆలస్యాలు, రద్దులు పెరిగాయి. కొవిడ్‌లో 2020 మార్చిలో ఆగినవి మళ్లీ కదలడానికి 2021 జూన్ 23 దాకా పట్టింది. రెండో దశలో మేడ్చల్, ఉందానగర్ వైపు బళ్లు 2023 ఏప్రిల్ 8న గాని మొదలు కాలేదు.

ఈలోగా మెట్రో వచ్చింది. 2017 నవంబరు 28న మియాపూర్, నాగోల్ మధ్య 30 కిలోమీటర్లు ప్రధాని ప్రారంభించారు. మర్నాడు జనానికి తలుపులు తెరిస్తే ఒక్క రోజులో రెండు లక్షల మందికి పైగా ఎక్కారు. ఆనాటికి రాష్ట్రం రెండై మూడేళ్లు దాటింది. గాజువాకవాడికి హైదరాబాద్ ఇక పొరుగు రాష్ట్రపు రాజధాని. అయినా గోదావరిలో సీట్లు ఖాళీ కాలేదు. పిల్లల్ని తీసుకెళ్లి చార్మినార్, జూ చూపించే యాత్రలో అమీర్‌పేటలో మెట్రో మారడం కూడా ఒక అంశంగా చేరింది. ప్లాట్‌ఫారం మీద తెర చెప్పిన నిమిషానికే బండి రావడం, తలుపులు వాటంతటవే మూసుకోవడం, కింద రోడ్డు మీద ఆగిపోయిన బస్సుల్ని పైనుంచి చూడటం – ఇవన్నీ చూసి వచ్చిన పిల్లలు ఇంట్లో అడిగే ప్రశ్న ఒక్కటే: మనకెప్పుడు?

ఖనిజం ఎక్కిన రైలు

ఈ ప్రశ్నకు జవాబు విశాఖ రైలు చరిత్రలోనే ఉంది. ఇక్కడి పట్టాలన్నీ సరుకు పిలిస్తే వచ్చినవి. రాయపూర్ నుంచి విజయనగరం దాకా 1931లో తెరిచిన లైను మధ్య పరగణాల సరుకును సముద్రానికి చేర్చడానికి వేసింది. ఆ సరుకు అందుకోవడానికి సిద్ధమైన విశాఖ రేవు 1933లో అధికారికంగా తెరుచుకుంది. అరకు అందాలు చూపించే కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపే ఒప్పందం కోసం కొండలు తొలిచి వేసింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ బాలచెరువు దగ్గర ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశాక, దానికీ లోపల సొంత రైలు వ్యవస్థ వచ్చింది. బొగ్గుకు, ఖనిజానికి, తయారైన ఉక్కుకు ఎప్పుడు ఏ వ్యాగన్ కావాలో లెక్క కట్టారు. ఏ షిఫ్టుకు, బీ షిఫ్టుకు, సీ షిఫ్టుకు వచ్చే మనిషిని బస్సుకు, స్కూటరుకు వదిలేశారు.

ఇక విశాఖ స్టేషన్ కథ వేరు. అక్కడ ప్రధాన దారి సాగిపోదు. హౌరా నుంచి చెన్నై పోయే బండి లోపలికి వచ్చి, ఇంజను అటు నుంచి ఇటు మార్చుకుని, వచ్చిన వైపే బయటికి పోవాలి. దానివల్ల ప్లాట్‌ఫారం ఎక్కువసేపు నిండి ఉంటుంది. కొత్త బండికి చోటేదీ అని రైల్వే అడిగితే అది సాకు కాదు, నిజంగా ఉన్న చిక్కే.

అయినా లెక్క ఒకసారి చూడాలి. అనకాపల్లి నుంచి తాడి, దువ్వాడ మీదుగా విశాఖ సుమారు 33 కిలోమీటర్లు. అంటే సికింద్రాబాద్–లింగంపల్లి కన్నా కాస్త ఎక్కువ. రెండో పక్క పెందుర్తి, కొత్తవలస, అలమండ మీదుగా విజయనగరం ఉంది. రెండు చివర్లా ఊళ్లు, మధ్యలో కర్మాగారాలు, కాలేజీలు. విశాఖ స్టేషన్లోకి వెళ్లకుండా దువ్వాడ నుంచి నేరుగా సింహాచలం వైపు తిరిగే దారి కూడా ఉంది. అనకాపల్లి నుంచి విజయనగరం దాకా పోయే బండి ప్రతిసారీ ఆ ఇరుకు స్టేషన్లో దూరాల్సిన పని లేదు. హైదరాబాద్ 2003లో ఏ ముడిసరుకుతో మొదలుపెట్టిందో అది ఇక్కడా ఉంది: పాత పట్టా, దాని పొడుగునా పెరిగిన నగరం.

మెట్రో మాట 2014 నుంచీ వింటున్నాం. రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులోనే విశాఖ మెట్రో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. ఎన్నో నివేదికలు మారాక 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన తొలి దశ 46.23 కిలోమీటర్లు. అందులో పెద్ద కారిడార్ స్టీల్ ప్లాంట్ గేటు నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు, గాజువాక మీదుగానే. అది పూర్తయిన నాడు శ్రీకాకుళం నుంచో, తుని నుంచో మెట్రో ఎక్కడానికి జనం మన ఊరికి వస్తారు. రావాలి కూడా.

ఆ రోజు కోసం ఎదురుచూస్తూ ఊరుకోవాల్సిన పని మాత్రం లేదు. గోదావరి ఎక్కి హైదరాబాద్ లోకల్ చూసొచ్చినవాళ్లు అక్కడ చూసింది రెండు సంగతులు. ఒకటి, కొత్త పట్టా వేయకుండానే నగరానికి రైలు ఇవ్వొచ్చు. రెండు, ఇచ్చిన రైలుకు దూరపు బళ్లతో సమానంగా దారి హక్కు ఇవ్వకపోతే జనం దాన్ని వదిలేస్తారు. కాబట్టి గాజువాక అడగాల్సింది షిఫ్టుల వేళకు అనకాపల్లి నుంచి దువ్వాడకు, విజయనగరం నుంచి దువ్వాడకు కచ్చితంగా నడిచే నాలుగు బళ్లు, స్టేషన్ నుంచి కర్మాగారం గేటు దాకా వాటికి ఆనుకుని నడిచే బస్సులు. రేపు మెట్రో వస్తే దాని చివరి స్టేషన్‌ను దువ్వాడతో కలపమని ఇప్పుడే అడగాలి. పునాదులు పడ్డాక అడిగితే ఖర్చు రెట్టింపు అంటారు. ఇందులో దేనికీ కొత్త కొండ తవ్వక్కర్లేదు. ఖనిజానికి నిమిషం లెక్కన టైంటేబుల్ రాయగలిగిన రైల్వే, మనిషికీ ఒకటి రాస్తే చాలు.