అందరికీ ప్రార్థన, కొందరికే బడి: 1944 ఇంగ్లండ్ విద్యాచట్టంలోని రెండు సెక్షన్లు

ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాలకు వర్తించిన 1944 విద్యాచట్టం ప్రాథమిక విద్యను ప్రత్యేక దశగా గుర్తించింది. బడిలో ఏయే విషయాలు బోధించాలో మాత్రం నిర్దేశించలేదు. గణితానికి, భాషకు దక్కని నిర్బంధ స్థానం ఒక్క మతబోధకే దక్కింది. 25వ సెక్షన్ ప్రకారం స్థానిక ప్రభుత్వ బడులలోను, చర్చి వంటి సంస్థలు నెలకొల్పిన బడులలోను రోజు సామూహిక ప్రార్థనతో మొదలు కావాలి. ఇదే చట్టంలోని 57వ సెక్షన్ కొందరు పిల్లలను బడిచదువుకు పనికిరానివారుగా నిర్ణయించే అధికారాన్ని స్థానిక విద్యాధికార సంస్థలకు ఇచ్చింది. మతవిద్య చరిత్రలో మొదటి సెక్షన్, ప్రత్యేక విద్య చరిత్రలో రెండవ సెక్షన్ చర్చకు వస్తాయి. వీటిని కలిపి చదివినప్పుడే చట్టం స్వభావం బోధపడుతుంది.

మతం విషయంలో ఆంగ్ల శాసనకర్తల జాగ్రత్తకు పాత తగాదాలే కారణం. 1870 చట్టం నాటికే చర్చి వర్గాల మధ్య రాజీ కుదిరింది. మతబోధ బడివేళల ఆరంభంలోనో చివరనో ఉండాలనీ, తల్లిదండ్రులు కోరితే బిడ్డను దానినుండి తప్పించవచ్చనీ ఆ చట్టం పేర్కొన్నది. బోర్డు బడులలో ఏ ఒక్క శాఖకో చెందిన ప్రశ్నోత్తర గ్రంథాన్ని బోధించరాదని నిషేధించింది. వైకల్యం గల పిల్లల విషయంలో ఇంతటి శ్రద్ధ కనిపించదు. అంధ, బధిర బాలల విద్యను 1893లో విధిగా చేశారు. బుద్ధిమాంద్యం, మూర్ఛవ్యాధి ఉన్నవారి విద్యను 1899 చట్టం స్థానిక సంస్థల ఇష్టానికి విడిచిపెట్టింది.

1944 చట్టంలో ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. స్థానిక ప్రభుత్వ బడులలో మతబోధకు పాఠ్యప్రణాళిక రూపొందించాలంటే ఇంగ్లండ్ చర్చి, ఇతర మతశాఖలు, ఉపాధ్యాయ సంఘాలు, స్థానిక సంస్థ అనే నాలుగు పక్షాలూ ఏకాభిప్రాయానికి రావాలి. ఒక బిడ్డ బడికి తగడని నిర్ణయించడానికి ప్రధానాధారం వైద్యాధికారి పరీక్ష. ప్రార్థననుండి బిడ్డను తప్పించడానికి తల్లిదండ్రుల కోరిక చాలు; కారణం చెప్పనక్కరలేదు. వైద్యపరీక్షకు బిడ్డను తీసుకురమ్మన్నప్పుడు సరైన కారణం లేకుండా రాకపోతే జరిమానా. నిర్ణయం నచ్చకపోతే మంత్రికి విన్నవించుకోవడమే వారికి మిగిలిన దారి. బడిలో చేరగలిగిన వికలాంగ బాలలకు చట్టం హామీ ఇచ్చిన సదుపాయానికి ‘ప్రత్యేక విద్యా చికిత్స’ అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. 1945 నిబంధనలు వారిని 11 వర్గాలుగా విభజించాయి.

తల్లిదండ్రుల అంతరాత్మకు ఇచ్చిన గౌరవం వారి అనుభవజ్ఞానానికి దక్కలేదు. అంతరాత్మ వెనుక సంఘటిత మతశాఖలు నిలిచాయి. మందబుద్ధి అనిపించుకున్న బిడ్డ తల్లి వెనుక అప్పటికి అంతటి బలం లేదు. (భారత రాజ్యాంగం 28వ అధికరణం ఇందుకు భిన్నమైన మార్గాన్ని ఎంచుకున్నది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలలో మతబోధను నిషేధించింది; గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థలలో సమ్మతి లేనిదే దానిలో పాల్గొనవలసిన పని లేదన్నది. ఇంగ్లండులో వద్దన్నవారు తప్పుకోవాలి. ఇక్కడ ఒప్పుకున్నవారే చేరాలి.)

1959 మానసిక ఆరోగ్య చట్టం 57వ సెక్షన్‌ను సవరించి మాటను కొంత మెత్తబరచింది, పిల్లలను మాత్రం బడి బయటే ఉంచింది. వారు ఆరోగ్యశాఖ అధీనంలోని శిక్షణ కేంద్రాలలోనో, ఆసుపత్రులలోనో, ఇళ్ళలోనో ఉండిపోయారు. 1970 చట్టం ఈ విభజనను రద్దు చేసింది. 1971 ఏప్రిల్ నుండి వారి బాధ్యత విద్యాశాఖకు బదిలీ అయింది. 1978లో మేరీ వార్నాక్ సంఘం వైకల్య వర్గాల స్థానంలో ‘ప్రత్యేక విద్యావసరాలు’ అనే భావనను ప్రతిపాదించగా, 1981 చట్టం దానిని స్వీకరించింది.

1988 విద్యా సంస్కరణ చట్టం జాతీయ పాఠ్యప్రణాళికను తెచ్చినా మతవిద్యను స్థానికంగానే ఉంచింది. కొత్త ప్రణాళికలు క్రైస్తవ సంప్రదాయ ప్రాధాన్యాన్ని ప్రతిబింబిస్తూనే దేశంలోని ఇతర ప్రధాన మతాలను కూడ పరిగణించాలన్నది. ప్రత్యేక బడుల విద్యార్థులందరికీ మతవిద్య, ప్రార్థన అందాలని 1998 చట్టం కోరినది, ‘ఆచరణసాధ్యమైనంతవరకు’ అన్న షరతుతో.