ఏటవాలు ముఖానికి ఆగ్జిలరీ వ్యూ

హొసకోటెలో పదో తరగతి అయ్యాక డిప్లొమా, ఐటీఐలో చేరబోయే పిల్లలు ఇది గుర్తుంచుకోండి. ఆటోక్యాడ్‌లో ప్రొజెక్టెడ్ వ్యూ తీసుకుని మౌస్‌ని మూలకి జరిపితే ఐసోమెట్రిక్ వస్తుంది. బొమ్మ బాగానే ఉంటుంది, కానీ ఏటవాలు ముఖం మీది గుండ్రటి రంధ్రం అందులో సాధారణంగా కోడిగుడ్డులా సాగి కనిపిస్తుంది. అసలు ఆకారం కావాలంటే ఆ ముఖానికి సరిగ్గా ఎదురుగా చూడాలి. అదే ఆగ్జిలరీ వ్యూ. సాలిడ్‌వర్క్స్‌లో, ఇన్వెంటర్‌లో ఆ కమాండ్ నొక్కి, ఫ్రంట్ వ్యూలోని వాలు గీతను ఎంచుకుని, లంబంగా జరిపి క్లిక్ చేయండి.

మన దేశంలో వాడేది ఫస్ట్ యాంగిల్. కుడివైపు నుంచి చూసిన వ్యూ ఎడమకి వస్తుంది. అమెరికాలో వాడే థర్డ్ యాంగిల్‌లో కుడికే. షీట్ సెట్టింగ్ చూసుకోకపోతే వర్క్‌షాప్‌లో రంధ్రం తప్పు పక్కన పడుతుంది, ముక్క పాతసామాన్లలోకి పోతుంది.

తల్లిదండ్రులకు: ఇంట్లో సాధనకి ఫ్రీక్యాడ్ చాలు, ఉచితం. అందులో త్రీడీ మోడల్ మీద ఆ ముఖాన్ని ఎంచుకుని టెక్‌డ్రాలో వ్యూ పెడితే ఎదురు చూపే వస్తుంది.